మార్గదానము

దానములను గూర్చి మనవారు వ్రాసినంతగా మరి దేనిని గూర్చియు వ్రాయలేదేమో! అన్నదానము, గోదానము, భూదానము, విద్యాదానము మొదలగువాని ఫలములు పురాణములయందును ధర్మశాస్త్ర నిబంధములయందును సవిస్తరముగా చెప్పబడినవి. హేమాద్రి పండితుడు తన చతుర్వర్గ చింతామణిలో ఒక ఖండమునంతయు దానమునకే కేటాయించెను. ఈ దానములలో పెక్కింటికి ధనమో ధాన్యమో ఉండవలెను. ఏమియు లేనివాడు సైతము దినమునకు పదిమార్లు చేయగల దానమొకటి కలదు. దానికి మంత్రము లేదు, సంకల్పము లేదు, దక్షిణయు లేదు. అది ఎదురుగా వచ్చువానికి దారి ఇచ్చుట.

దారి ఎవరెవరికి ఇయ్యవలెనో మనుస్మృతి రెండవ అధ్యాయమున చెప్పబడినది. బండిపై పోవువాడు, తొంబది యేండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, విద్య ముగించి వచ్చిన స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు — వీరు ఎనమండుగురు. వీరందరు ఒకచోట కలిసినప్పుడు రాజును స్నాతకుడును మాన్యులనియు, ఆ యిరువురిలో రాజే స్నాతకుని గౌరవింపవలెననియు స్మృతికారుడు తీర్మానించెను. తక్కిన ఆరుగురిలో ఎవరు ముందో, ఎవరు వెనుకయో చెప్పలేదు. ఆ మౌనము తెలిసి వహించిన మౌనమేనని నా యభిప్రాయము. దాని ప్రయోజనము మున్ముందు తెలియగలదు.

పాఠశాలలో ఈ భాగము చదువుకొను దినములలో నాకొక సందేహము కలిగినది. రోగికిని ముసలివానికిని తొలగుట సరే. బండిలో సుఖముగా కూర్చున్నవానికి కాలినడకవాడు తొలగుట యేమి న్యాయము? అదియును పట్టికలో మొట్టమొదటి స్థానము! గురువుగారిని అడిగితిని. ఆయన నవ్వి, "ఒరే, రేపు సంతకు పోయి, బరువేసిన ఎడ్లబండిని ఇరుకు సందులో వెనక్కి తోలించి చూడు. అర్థం అదే తెలుస్తుంది" అనిరి. అటుపిమ్మట వ్యాఖ్యానములు ఎన్ని చూచినను నాకు ఆ మాటయే ప్రమాణమైనది. సులభముగా తొలగగలవాడు, తొలగజాలనివానికి దారి ఇయ్యవలెను. ఆ పట్టికలోని మొదటి నలుగురు గౌరవముచేత చేరినవారు కారు; పక్కకు తొలగుట వారికి కష్టమగుటచేత చేరినవారు.

ఇంకొక విశేషమును గూడ పాఠకులు గమనింపవలెను. దారి ఇయ్యదగినదని మాత్రమే స్మృతి చెప్పినది. అడిగి పుచ్చుకొనదగినదని చెప్పలేదు. విధి అంతయు ఇచ్చువానిని ఉద్దేశించినది. పుచ్చుకొనువానితో శాస్త్రము ఒక్క మాటయు ఆడలేదు. ఈ భేదము పుస్తకమున చదువునప్పుడు మిక్కిలి సూక్ష్మముగా కనబడును. వీధిలోనికి వచ్చినప్పుడు అది ఎంత స్థూలమో తెలియును.

రాజమహేంద్రవరమున మేముండు వీధి 18 అడుగుల వెడల్పు గలది. ఇరువైపుల కలిపి 22 ఇండ్లు. ఒక కొన రామమందిరము, దానిని ఆనుకొని కొంత ఖాళీస్థలము. రెండవ కొన అడ్డుగోడ. అనగా లోనికి వచ్చిన బండి వచ్చిన దారినే మరలిపోవలెను. ఈ వీధి నడుమ ఒక యింటిలో ఒక యిల్లాలు ఐదేండ్లుగా ఇతరుల పసిబిడ్డలను పగటివేళ సాకుచున్నది. దీనిని జనులు డే కేర్ అనుచున్నారు. మొదట ముగ్గురు పిల్లలుండిరి. క్రమముగా 14 మంది అయిరి. వారి తల్లులలో ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఒకామె బట్టల దుకాణమున అమ్మకములు చూచునది, ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులు, ఒకామె ఇంటింట వంట చేయునది. ఉదయము ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదింబావు వరకును, సాయంత్రము ఐదున్నర మొదలు ఆరుంబావు వరకును స్కూటర్లు, రెండు ఆటోలు, మూడు కార్లు ఆ యింటి ముందర చేరును. దిగువారు దిగుచుందురు, ఏడ్చువారు ఏడ్చుచుందురు, కారు దిగుటకు ఓపిక లేనివారు హారను మ్రోగించుచుందురు.

ఆ యిల్లాలు తన ప్రయత్నమునకు పూర్వము కుడియెడమల ఇండ్లవారిని అడిగియే ప్రారంభించినది. కాని బండ్లు నిలుచునది కుడియెడమల ఇండ్ల ముందర కాదు. ఆ ఇండ్లకు ఆవల, ఎదురు వరుసలో ఒక విశ్రాంత ఉద్యోగి గృహము ముంగిట. మన స్మృతులలో పొరుగువారికి రెండు పేర్లున్నవి. ఆనుకొని యున్న యింటివాడు ప్రాతివేశ్యుడు. దానికి ఆవలివాడు అనువేశ్యుడు. శుభకార్యమున ఇరువదిమందికి భోజనము పెట్టువాడు, యోగ్యులైన ఈ యిరువురు పొరుగువారిని పిలువకున్నచో ఒక మాషకము దండుగ చెల్లింపవలెనని మనువు వ్రాసెను. విందు విషయముననే అనువేశ్యుని మరువరాదన్నప్పుడు, ఇబ్బంది విషయమున మరువవచ్చునా? ఆమె అడుగవలసినది మూడవ యింటివారిని గూడ. అది ఆమెకు తోచలేదు.

ఆ విశ్రాంత ఉద్యోగి తల్లికి 91 ఏండ్లు. తుంటియెముక విరిగి శస్త్రచికిత్స జరిగినది. మంగళ శుక్రవారములలో ఉదయము 9 గంటలకు ఆమెను వ్యాయామ చికిత్సకై ఆసుపత్రికి కొనిపోవలెను. సరిగా అదియే వీధి నిండియుండు సమయము. ఒక మంగళవారమున ఆ వృద్ధురాలు కారులో కదలక మెదలక 25 నిమిషములు కూర్చుండవలసి వచ్చినది. మరునాడు ఆయన తన గేటు ముందర, తన హద్దు దాటించి వీధిలోనికి, మూడు సిమెంటు కుండీలు పెట్టించిరి. 18 అడుగుల వీధి అచ్చట 14 అడుగులైనది. వారము తిరుగకముందే ఒక స్కూటరు చక్రమునుండి ఎవరో గాలి తీసివేసిరి. ఎవరో తెలియదు, కాని తెలిసినట్లే అందరును మాటలాడిరి. నివాసగృహమున వ్యాపారము సాగుచున్నదని ఆయన పురపాలక కార్యాలయమునకు ఫిర్యాదు వ్రాసిరి. వీధిని ఆక్రమించిరని ఆవలివారు మరియొక ఫిర్యాదు వ్రాసిరి. ఈ నడుమ ఒక సాయంత్రము మూడేండ్ల బాలుడొకడు తల్లి చేయి విడిపించుకొని, కుండీల చుట్టు తిరిగి నడివీధికి వచ్చి, వెనుకకు మరలుచున్న ఆటో చక్రమునకు జానెడు దూరమున నిలిచెను. ఆటోవాడు గ్రహించి ఆపెను కనుక సరిపోయినది.

ఇప్పుడు స్మృతి పట్టికను మరల చూడుడు. తొంబది దాటిన వృద్ధురాలు. ఆమెయే రోగి, ఆమెయే స్త్రీ. ఇటు చంకలో బిడ్డ, భుజమున సంచి, చేతిలో పాలసీసాతో పనికి పరుగెత్తు తల్లి. ఆమెయు స్త్రీ, ఆమెయే బరువు మోయునది. ఇరుపక్షములవారును బండ్లమీదనే యున్నారు. మనువు చెప్పిన ఆరుగురిలో ఐదుగురు మా వీధిలో ఒకే సమయమున ఒకరికొకరు ఎదురుపడిరి. వారిలో ఎవరు ముందో స్మృతి చెప్పలేదు.

కొందరు పెద్దలు, "మా కాలమున ఇటువంటివి ఉండెనా? పిల్లలను కని పరుల యిండ్లలో వదలుట ఏమి సంప్రదాయము?" అని ఆక్షేపించిరి. సంప్రదాయమును తలపెట్టిరి కనుక చెప్పుచున్నాను. గురుకులమనగా నేమి? పరుల బిడ్డలతో నిండిన యొక గృహము. నేను చదువుకొన్న పాఠశాల గురువుగారి యింటి సావిడియే. కోనసీమలోని ఆ అగ్రహారమున తెల్లవారుజామున మా వల్లెవేత వలన నిద్రపట్టని పొరుగువారు ఎందరో ఉండిరి. మా గురువుగారి తరములో పిల్లలు వారములు చేసికొని చదివిరి. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము. ఒక గురువు విద్య చెప్పుచుండగా వీధి అంతయు ఆ బరువును పంచుకొనెడిది. వీధి అరుగుమీది బడులు గూడ అట్టివే. పరుల బిడ్డ మన వీధికి భారమగుట నేడు క్రొత్తగా వచ్చినది కాదు. ఆ పిల్లలు కాలినడకన వచ్చిరి, ఈ పిల్లలు చక్రములమీద వచ్చుచున్నారు. భేదము అంతియే, అదియును చిన్న భేదము కాదని ఒప్పుకొనుచున్నాను.

అయినను పూర్వపు వీధులను మితిమీరి పొగడుటయు నాకు సమ్మతము కాదు. ఆ వీధులలో అడుగు పెట్టుటకే వీలులేని జనులు ఆ యూరనే ఉండిరి. దారి ఇచ్చుట ధర్మమని పట్టికలు చదివిన మనమే తోడి మానవులకు దారినే లేదంటిమి. 1924-25లో తిరువాన్కూరు సంస్థానమున వైక్కము దేవాలయము చుట్టునున్న దారులలో నడచుటకై సత్యాగ్రహము చేయవలసి వచ్చినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున రహదారులను గూడ పేర్కొని ఆ నిషేధమును తొలగించినది. దారిని గూర్చి ఎవరైనను మా సంప్రదాయమిది అని గట్టిగా పలికినప్పుడు నాకు ఇది జ్ఞప్తికి వచ్చును.

ఇక ఆ తల్లులు ఏమి చేయవలెను? ఇంట అత్తగారో అమ్మమ్మయో ఉన్న కుటుంబములు మా వీధిలోనే తగ్గిపోయినవి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీలు వెలసినవి. వానివలన ఎందరో బిడ్డలకు తిండియు, టీకాలును, అక్షరములును లభించినవి. కాని సాయంత్రము ఆరుగంటల వరకు బిడ్డను ఒడిలో నుంచుకొనుటకు అవి ఏర్పడినవి కావు. 2017లో ప్రసూతి చట్టమునకు జరిగిన సవరణ సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచినది. 50 మంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలలో శిశువులకు వసతి ఉండవలెనని చెప్పినది. పదిమంది పనిచేయు దుకాణములోని అమ్మాయికిని, ఇంటింట వంట చేయు ఆమెకును ఆ వసతి ఎక్కడిది? వారికి మా వీధిలోని ఆ నడుమ యిల్లే గతి.

శనివారము సాయంత్రము రామమందిరమున అందరును చేరిరి. ఏదో శాస్త్రము చదివినవాడనని నన్ను గూడ పిలిచిరి. విశ్రాంత ఉద్యోగిగారు ముందుగా, "శాస్త్రిగారూ, జీవితమంతా కూడబెట్టి ఈ ఇల్లు కట్టుకున్నాను. మా అమ్మను ఆస్పత్రికి తీసుకువెళ్లడానికి కూడా నేను వీళ్ల అనుమతి తీసుకోవాలాండీ?" అనిరి. ఆయన కంఠము వణకినది. ఆయన పిల్లలను ద్వేషించువారు కారు. పండుగనాడు ఆ యింటి పిల్లలకు ఆయన భార్యయే అరిసెలు పంపును. ఆ యిల్లాలు లేచి, "బాబాయిగారూ, రేపటినుంచి మూసేయమంటే మూసేస్తానండి. ఆ పద్నాలుగు మందినీ ఎక్కడ పెట్టాలో ఆ మాట కూడా మీరే చెప్పండి" అన్నది. కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

న్యాయస్థానమున గుమాస్తాగా పనిచేసి విరమించిన యొకరు మా వీధిలోనే యున్నారు. ప్రజామార్గమునకు అడ్డము కలిగించువారికి 1860 నాటి శిక్షాస్మృతిలో 283వ సెక్షను క్రింద 200 రూపాయల వరకు జరిమానా ఉండెననియు, 2024 జూలై 1 నుండి అమలగుచున్న భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షను క్రింద అది 5,000 రూపాయల వరకు పెరిగినదనియు ఆయన చెప్పిరి. "కుండీలకూ అదే సెక్షను, స్కూటర్లకూ అదే సెక్షనండి" అని చేర్చిరి. ఇరుపక్షముల ముఖములును ఒక్కసారి చిన్నబోయినవి.

కౌటిల్యుని కాలమునను ఇట్టి జరిమానాలుండెను. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలువజేసినవానికి పావు పణము. కాని ఆ అధ్యాయముననే మరియొక దండుగ కలదు. అది వీనికంటె ఎన్నో రెట్లు పెద్దది. పరుల యిల్లు మండుచుండగా ఆర్పుటకు పరుగెత్తని గృహస్థునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు! పొరుగువానికి అడ్డుపడుటకంటె, పొరుగువాని ఆపదలో కదలకుండుట పెద్ద తప్పని దీని తాత్పర్యము. మనువును తొమ్మిదవ అధ్యాయమున రాచబాటను మలినము చేసినవానికి రెండు కార్షాపణములు విధించుచు, ఆపదలో నున్నవానిని, వృద్ధుని, గర్భిణిని, బాలుని మాత్రము మందలించి శుభ్రము చేయించిన చాలునని మినహాయించెను. దారిని గూర్చి కఠినముగా పలికిన ప్రతిచోటను పసివారికిని ముసలివారికిని ఒక సందు విడిచిపెట్టుట మన శాస్త్రకారుల అలవాటు.

ఆ సాయంత్రము నేను శాస్త్రవచనములేవియు చదువలేదు. చదివినచో ఇరుపక్షములవారును తమకు కావలసిన సగమును మూటగట్టుకొని పోవుదురని యెరుగుదును. దానికి బదులు ఈ ఊర నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమునుండి కల్మాషపాదుని కథ చెప్పితిని.

ఇక్ష్వాకువంశజుడగు ఆ రాజు వేటాడి అలసి, ఆకలిదప్పులతో మరలి వచ్చుచుండెను. ఒకరికి మాత్రమే చాలు ఇరుకుదారిలో వసిష్ఠుని జ్యేష్ఠపుత్రుడు శక్తి ఎదురయ్యెను. రాజు తొలగుమనెను. బ్రాహ్మణునకు రాజే దారి ఇయ్యవలెను, ఇది సనాతనధర్మమని శక్తి మెత్తగానే బదులు చెప్పెను. మాట మాట పెరిగినది, ఇరువురును కదలలేదు. రాజు కొరడాతో కొట్టెను. శక్తి అతనిని నరభక్షకుడవు కమ్మని శపించెను. ఆ శాపము వలన రాక్షసభావము నొందిన రాజు మొట్టమొదట భక్షించినది ఆ శక్తినే. పిమ్మట వసిష్ఠుని తక్కిన కుమారులును అతనికి ఆహారమైరి. నూరుగురు పుత్రులను కోల్పోయిన వసిష్ఠుడు ప్రాణత్యాగమునకు సైతము యత్నించెను.

ఈ కథను రాజుగారి గర్వమునకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. కొరడా ఎత్తుట రాజు చేసిన మహాపాపమే, సందేహము లేదు. కాని శక్తి విషయమున మనము ఆలోచింపము. శక్తి పలికినది అధర్మము కాదు. శాస్త్రము అతని పక్షముననే యున్నది. అయినను అతనికి దక్కినదేమి? శాస్త్రము రాజుతో చెప్పిన మాటను శక్తి తాను అందుకొని రాజుపై ప్రయోగించెను. రాజునకు కర్తవ్యమైనది శక్తి చేతిలో హక్కు అయినది. మరియు ఆ క్షణమున సులభముగా తొలగగలవాడెవడు? వేటలో డస్సి, దాహముతో తూలుచున్న రాజా, లేక ఆశ్రమమునుండి నిదానముగా నడచి వచ్చు యువతపస్వియా? అర్హత శక్తికి ఉండెను; ఓపికయు శక్తికే ఉండెను. ఓపిక గలవాడు అర్హతను విడిచి ఒక్క అడుగు పక్కకు వేసియున్నచో ఆ కథయే లేదు.

ఆ దారిలో లేని మరియొక ప్రాణి కూడ ఈ కథలో నున్నది. శక్తి భార్య అదృశ్యంతి అప్పుడు గర్భవతి. ఆ గర్భముననున్న పరాశరుడు తండ్రి ముఖమెరుగక పుట్టి, తాతయగు వసిష్ఠునే తండ్రియని పిలుచుచు పెరిగెను. అది విని తల్లి కన్నీరు పెట్టుకొని, ఆయన నీ తండ్రి కాడని చెప్పవలసి వచ్చినది. ఇరుకుదారిలో ఇరువురు పెద్దలు పట్టిన పంతమునకు మూల్యము చెల్లించినవాడు ఇంకను పుట్టని శిశువు. ఈ మాట చెప్పునప్పుడు నేను ఎవరి వైపును చూడలేదు. ఆటో చక్రము ముందర నిలిచిన బాలుని తల్లి మాత్రము తల వంచుకొన్నది. తప్పు ఆమెది కాదు; నాకు బాధ కలిగినది.

అనంతరము హక్కుల ప్రసక్తి కట్టిపెట్టి, ఎవరు ఏ విషయమున సులభముగా తొలగగలరని అడుగనారంభించిరి. అడిగినది నేను గాదు, వంట చేయు ఆ తల్లియే. "నాకు బండి లేదండి, నేను నడిచే వస్తాను. బండ్లున్నవాళ్లు గుడి దగ్గర ఆపి నాలాగే నడవొచ్చు గదా?" అన్నది. రామమందిరమునుండి ఆ యింటికి నూటనలువది అడుగులు వేసిన చాలును. స్కూటర్లవారు ఒప్పుకొనిరి. కార్లలో వచ్చు ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకొనిరి. మూడవ ఆయన, తాను నెలనెలా రుసుము చెల్లించుచున్నాననియు, ఇంటి ముందర దింపుట అందులోని భాగమనియు వాదించెను. ఈ తగవులో నాకు నిజముగా కోపము వచ్చినది ఒక్క ఆయన మీదనే. ఆయన రుసుము ఆ యిల్లాలికి చెల్లించుచున్నాడు. వీధికి ఎవరును ఏమియు చెల్లించుటలేదు. వీధివారి ఓర్పును ఆమె ఆయనకు విక్రయింపజాలదు, అది ఆమె సొత్తు కాదు. మరుసటి వారము ఆయన తన కుమార్తెను మాన్పించెను. ఆమెకు ఆ మేరకు రాబడి తగ్గినది.

మంగళ శుక్రవారములలో ఆమె ఏడుంబావుకే తలుపు తీయుచున్నది. తొమ్మిదికి ముందు పిల్లలందరును లోనికి చేరవలెనని నియమము. పిల్లల సంఖ్యను 12కు మించనీయనని ఆమెయే చెప్పినది. చంటిబిడ్డతో వచ్చు తల్లులకును, వాన కురియునప్పుడు ఎవరికైనను, ఇంటి వరకు బండి తెచ్చుకొనుటకు అనుమతి కలదు. విశ్రాంత ఉద్యోగిగారు వైద్యుని అడిగి తల్లి చికిత్సా సమయమును తొమ్మిదిన్నరకు మార్పించుకొనిరి. ఆ సంగతి ఆయన ఎవరికిని చెప్పలేదు, ఆయన భార్య మా యింటికి వచ్చినప్పుడు చెప్పినది.

ఫిర్యాదు కాగితము ఇంకను కార్యాలయముననే యున్నది. ఆయన దానిని వెనుకకు తీసికొనలేదు, ఆవలివారును తమది తీసికొనలేదు. కుండీలలో రెండు లోనికి పోయినవి. మూడవది ఇంకను వీధిలోనే యున్నది. అది మిక్కిలి బరువైనదనియు, ఎత్తుటకు ఇద్దరు మనుషులు దొరకుటలేదనియు ఆయన చెప్పుచున్నారు.